గది మూయించిన సారు

సారు పోయారని పోయిన వారం ఫోన్లో చూశాను. సౌదీలోని ధహ్రాన్ యూనివర్సిటీలో ఒకప్పుడు పనిచేసిన తెలుగువాళ్ళం పెట్టుకున్న గ్రూపొకటి ఉంది. రోజూ గుడ్ మార్నింగులూ గులాబీ పువ్వులూ తప్ప అందులో వేరే ఏమీ రాదు. ఆ రోజు గులాబీల మధ్యన ఆయన ఫోటో వచ్చింది. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మహా పండితుడని ఒకరు, సైద్ధాంతిక రసాయనశాస్త్రంలో మనవాళ్ళలో అంతటివాడు లేడని ఇంకొకరు. ఒక పాత ప్రొఫెసరు మాత్రం నిజాయితీగా ఒక మాట రాశాడు. “యుద్ధం తర్వాత ఆయన ఎందుకో పరిశోధన మానేశారు. కారణం ఎవరికీ తెలియదు.”

నాకు తెలుసు. కానీ గులాబీల మధ్య రాసే సంగతి కాదది. ఫోన్ పక్కన పెట్టేశాను.

మాది ప్రొద్దుటూరు. ధహ్రాన్‌లో నేను కంప్యూటర్ సెంటర్లో ఆపరేటర్ని. ఆ రోజుల్లో కంప్యూటరంటే ఒక హాలంతా ఆక్రమించుకుని చలిలో కూర్చునేది. సారు ఇచ్చిన లెక్కల్ని దానికి అందించడం, అది అచ్చుకొట్టిన కాగితాలు చించి సారు చేతికివ్వడం నా ఉద్యోగం. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసరే గానీ చేత్తో పరీక్షనాళిక పట్టుకోగా ఎవరూ చూడలేదు. అణువులు ఎలా ఉంటాయో, ఎలా నడుచుకుంటాయో లెక్కగట్టి చెప్పడమే ఆయన విద్య. ల్యాబుల్లో పనిచేసే తోటి ప్రొఫెసర్లను చూపించి, “వాళ్ళు వంటవాళ్ళయ్యా. నేను రుచి ఎలా ఉంటుందో ముందే చెప్పేవాణ్ణి. గరిటె ముట్టను” అనేవారు.

గరిటె ముట్టకపోవడం వేళాకోళం కాదు. ఇంట్లో గ్యాస్ స్టవ్ వెలిగించాలన్నా ఆయనకు భయం. కువైట్ మీద ఇరాక్ పడగానే భార్యనీ పిల్లల్నీ విజయవాడ పంపించేశారు. అప్పట్నుంచీ నాకు ఫోన్లు. “ఖాదరూ, ఒక్కసారి వచ్చి ఈ పొయ్యి వెలిగించి పోవయ్యా, నీకు పుణ్యముంటుంది.” నేను వెళ్ళి అగ్గిపుల్ల గీసేవాణ్ణి. ఆయన వంటింటి గుమ్మం అవతల నిలబడి చూసేవారు.

“మీకు కెమిస్ట్రీలో డాక్టరేట్ ఎట్ల ఇచ్చినారు సార్?”

“పొయ్యి వెలిగించమని వాళ్ళు అడగలేదు కదయ్యా” అని నవ్వేవారు.

నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవారు. సాంబారు అన్నం తింటూ మాట్లాడుతుంటే చూపుడువేలు దానంతటదే కంచం అంచున బొమ్మలు గీసేది. ఎవరు ఏది చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే, “సుమారుగా అంటే ఎంత?” మంగలి సుమారుగా పది నిమిషాలు పడుతుందంటే ఆ ప్రశ్న. కూరలమ్మే యెమెనీవాడు రేటు కాస్త అటూ ఇటూ అంటే ఆ ప్రశ్న. భార్య ఊరినుంచి ఫోన్ చేసి పిల్లాడికి కొంచెం జ్వరమంటే కూడా అదే. ఆవిడ విసుక్కుని ఫోన్ పెట్టేసిందని నాతో చెప్పుకుని బాధపడ్డారు.

ఆయన జీవితమంతా ఒక్క అణువు చుట్టూ తిరిగింది. కార్బన్ మోనాక్సైడ్. ఒక కార్బనూ ఒక ఆక్సిజనూ కలిసిన చిన్న అణువు. అందులో రుణావేశం ఎటువైపు ఉంటుందో చెప్పమంటే ఎవరైనా ఆక్సిజన్ వైపంటారట. సులువు దారిలో లెక్కచేస్తే కంప్యూటరూ అదే అంటుందట. ల్యాబులో కొలిచి చూస్తే మాత్రం కాస్త కార్బన్ వైపు ఉంటుంది. అది ఎందుకో, ఖచ్చితంగా ఎంతో, దశాంశ స్థానాలతో సహా తేల్చడానికి సారు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. దాన్ని ఆయన “మావాడు” అనేవారు. “ఇవాళ మావాడు దారికొచ్చాడయ్యా.” “మావాడు మళ్ళీ మొండికేశాడు.” కొత్తగా వచ్చిన క్లర్కు ఒకడు సారు కొడుకు సరిగ్గా చదవడం లేదేమోనని నన్ను చాటుగా అడిగాడు.

యుద్ధం ఖాయమని తెలిశాక ఊరికి పోయి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసాల కోసం ఆఫీసు ముందు జనం బారులు తీరారు. సారు ఆ వరసలో నిలబడలేదు. “లెక్క సగంలో ఉంది, ఎలా వెళ్ళనయ్యా” అన్నారు. నేను పోలేదంటే లెక్క కోసం కాదు, పోతే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేక. ఇరాక్ నుంచి క్షిపణుల్లో విషవాయువు వస్తుందని పుకారు. యూనివర్సిటీ ఉద్యోగులందరికీ గ్యాస్ మాస్కులిచ్చారు. కాంట్రాక్టు కూలీలకు ఇవ్వలేదు.

అప్పుడు వచ్చాడు గంగారాం. జగిత్యాల వైపు మనిషి, క్యాంపస్ క్వార్టర్లలో నల్లాలు బాగుచేసే పని. సారు ఇంట్లో నల్లా కారుతోందని వచ్చాడు. తోడుగా వాళ్ళ ఊరివాడే రాజన్న. ఆ సాయంత్రం పొయ్యి డ్యూటీ మీద నేనూ ఉన్నాను. బల్ల మీద మాస్కు చూసి గంగారాం చేతిలో పానా పట్టుకునే ఆగిపోయాడు.

“సార్, నువ్వు గ్యాసు సదువు సదివినవట గద. గ్యాసు బాంబు వడితె మా అసొంటోళ్ళు ఏం జెయ్యాలె?”

సారు గబుక్కున మాస్కు తీసి అతని చేతిలో పెట్టబోయారు. గంగారాం నవ్వాడు. “ఒక్కటిస్తె ఎవలు వెట్టుకోవాలె సార్? గ్యాసుకన్న ముందు కొట్లాడి సస్తం.” తర్వాత అడిగాడు. “రూమంత మూస్తె ఆగుతదంటున్నరు. నిజమేనా?”

“ఆగుతుంది. సరిగ్గా మూస్తే చాలావరకు ఆగుతుంది” అన్నారు సారు. గొంతు మారిపోయింది. మావాడు దారికొచ్చిన రోజున కూడా నేనాయన్ని అంత ఉత్సాహంగా చూడలేదు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం కూలీలుండే క్యాంపుకి వెళ్ళాం. వాళ్ళది పలకలు బిగించి నిలబెట్టిన ఒక పోర్టాకాబిన్. మూడు మంచాలు, మూడో మనిషి సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు. సారు షూ విప్పి మంచమెక్కారు. జానలతో గోడలు కొలిచారు. కట్టడాల దగ్గర పడేసిన ప్లాస్టిక్ పట్టాలు రాజన్న తెచ్చాడు. నేను టేపు చించి ఇస్తుంటే సారు తన చేతులతో అతికించారు. కిటికీ, తలుపు సందులు, పలకలు కలిసేచోట చీలికలు, చివరకు ఏసీ డబ్బాకు కూడా పట్టా వేయించారు. తలుపు కింద పెట్టుకోవడానికి తడి తువ్వాలు. సైరన్ మోగితే ఏం చెయ్యాలో అరగంట చెప్పారు. ఆయన కృష్ణా జిల్లా తెలుగులో ఇంగ్లిషు సగం. రాజన్న నా వైపు తిరిగి, “అన్నా, సార్ ఏమంటుండు?” అంటే నేను మళ్ళీ చెప్పాను.

కిటికీ దగ్గరికి పోవడానికి ఒక కుంపటి అడ్డమొచ్చింది. నూనె డబ్బా కోసి చేసుకున్న బొగ్గుల కుంపటి. హీటరు పెడితే ఫ్యూజు పోతోందని ఫోర్‌మన్ పట్టుకుపోతే చలికి దాన్ని తెచ్చుకున్నారు. సారు దాన్ని కాలితో పక్కకి జరిపారు. నేను చూశాను. నాకూ ఏమీ తోచలేదు. అన్ని సందుల్లోంచీ గాలి కొట్టే గది కాబట్టే అప్పటిదాకా ఆ కుంపటి వాళ్ళనేమీ చెయ్యలేదని మా ఇద్దరికీ తట్టలేదు.

పనయ్యాక గంగారాం మధ్యలో నిలబడి చుట్టూ చూసుకున్నాడు. “మంచిగైంది సార్. ఇగ సలి గూడ రాదు.”

సారు హాయిగా నవ్వారు. అందరం నవ్వాం. టీ తాగాం.

యుద్ధం మొదలయ్యాక ఆ నెలలో చాలాసార్లు సైరన్లు మోగాయి. క్షిపణుల్ని ఆకాశంలోనే పేల్చేస్తున్నారని జనం డాబాలెక్కి చూడ్డం మొదలుపెట్టారు. విషవాయువు రాలేదు. ఎక్కడా రాలేదు. ఒకరోజు చలి బాగా పెరిగింది. పొద్దున నేను డ్యూటీలో ఉండగా క్యాంపునుంచి ఫోన్ వచ్చింది. గంగారాం లేవలేదు. రాజన్న తల పగిలిపోతుంటే పాకుతూ వచ్చి తలుపు తీసి గడప మీద పడిపోయాడు, ఆసుపత్రికి తీసుకుపోయారు. సారు కంప్యూటర్ సెంటర్లోనే ఉన్నారు, తన కాగితాల కోసం. నేను, “గంగారాం పోయినాడంట సార్, నిద్రలోనే” అన్నాను. ఎలా పోయాడో నాకూ తెలియదు.

“కుంపటి పెట్టుకున్నారా?” అన్నారు.

 జవాబు ఆయనకు అవసరం లేదు. మెల్లగా కింద కూర్చున్నారు. బొగ్గు గాలి చాలక సగం సగం కాలితే వచ్చే వాయువు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. స్కూలు పుస్తకంలో ఉన్న ముక్క. దాని ఆవేశాన్ని దశాంశాల దాకా లెక్కగట్టిన మనిషికి అది కుంపట్లోంచి వస్తుందని గుర్తు రాలేదు. 

ఆ రోజు మొదలు సారుకి ఒకటే పట్టుదల. తప్పు తనదని ఎవరైనా ఒప్పుకోవాలి. ఒక్కరూ ఒప్పుకోలేదు. పోలీసు స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. అక్కడ అరబ్బీ మాట్లాడటానికి మాతో వచ్చిన హైదరాబాదీ డ్రైవరు సారు చెప్పిందంతా ఆఫీసరుకి చెప్పాడు. ఆఫీసరు ఓపిగ్గా విని, గదులు మూసుకోమని రేడియోలోనే చెప్పారు కదా, నువ్వు చేసింది సాయం, అల్లా ఇష్టం, ఇంటికి పో అన్నాడు. డిపార్టుమెంటు హెడ్ భుజం తట్టి పంపించాడు. ఆసుపత్రిలో రాజన్న మంచం మీద లేచి కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వేం జేస్తివి సార్? నువ్వు బయిటి గ్యాసు గురించి జెప్పినవ్. బొగ్గులు మేం వెట్టుకున్నం. వాని రాత గట్లుండె.”

“రాత కాదు రాజన్నా” అన్నారు సారు గట్టిగా. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

నేనూ ఊరుకోలేదు. “మీ తప్పేం లేదు సార్, మనసులో పెట్టుకోవద్దండి” అని ఎన్నిసార్లన్నానో. ఒకసారి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. “మీరంతా కూడబలుక్కుని నన్నెందుకయ్యా ఇలా వదిలేస్తున్నారు?” అని అరిచారు. కాసేపటికి చల్లబడి నాతో ఒక మాట చెప్పారు. “నీకు తెలుసా, ఆ శుక్రవారం నాకు చాలా సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళలో నా చదువు ఒక మనిషికి కావలసివచ్చింది అదే మొదటిసారి. మంచమెక్కి టేపు అంటిస్తుంటే లోపల పాటలు పాడుకుంటున్నాను. ఆ సంతోషంలో వాడు చలి అంటే వినిపించలేదు.”

లెక్కలు తేవడం మానేశారు. పాఠాలు చెప్పేవారు, పేపర్లు దిద్దేవారు, అంతే. మావాడన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. తర్వాత ఏటా చలికాలంలో నన్ను కారెక్కించుకుని క్యాంపులు తిరిగేవారు. దమ్మాం, ఖోబర్, హుఫూఫ్ ఖర్జూరం తోటలు. ఒక సెలవుల్లో కొండ మీద చలెక్కువని తాయిఫ్ దాకా తీసుకుపోయారు. ఎవరి గదికి వెళ్ళినా ముందు వంగి మంచాల కింద చూసేవారు. హుఫూఫ్‌లో ఒక నిజామాబాద్ ఆయన ఇఖామా, అదే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, చెక్ చేసే మనిషనుకుని వెనక తలుపులోంచి తోటలోకి పరుగు. పట్టుకొచ్చి కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సారు అతనికి టీ ఇప్పించి, మూసిన గదిలో బొగ్గులు పెడితే ఏమవుతుందో చెప్పారు. వాయువు పేరు చెప్పలేదు. “మనిషి పోతాడు నాయనా, తెలీకుండానే పోతాడు” అన్నారు. అతను సరే సరే అని తలూపాడు. ఎందరు తలూపినా సారు మొహంలో ఏ తేడా రాలేదు.

ఈ తిరుగుళ్ళన్నీ ముందు చెప్పేస్తున్నానంటే, వాటికి ముందు జరిగిన ఊరి సంగతి చెప్పడానికి వెనకాడుతున్నానని అర్థం.

యుద్ధం ఆగి, విమానాలు మొదలై, గంగారాంని పెట్టెలో తీసుకుని రాజన్న ఇంటికి పోయాడు. ఇక తిరిగి రాలేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో నేను ప్రొద్దుటూరులో ఉండగా సారు విజయవాడ నుంచి ఫోన్ చేశారు. “ఆవిడ దగ్గరికి వెళ్ళాలయ్యా. నువ్వు రావాలి. నా మాట ఆవిడకి అర్థం కాకపోతే కష్టం.” ఆవిడంటే గంగారాం భార్య. ఆమెకైనా చెప్పుకుంటే, ఆమె అయినా తిడుతుందని ఆయన ఆశ. ఆశేనని నాకు గట్టిగా తెలుసు. బస్సులో దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నారు.

జగిత్యాలలో రాజన్న ఎదురొచ్చి ఊరికి తీసుకుపోయాడు. ఆమె పేరు నర్సవ్వ. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చేట, చేటలో ఆకూ తంబాకూ. మమ్మల్ని చూసి చేట దించలేదు. పక్కనున్న మంచం చూపించింది. సారు కూర్చోలేదు.

“నర్సమ్మగారూ, గది మూయించింది నేనే. బొగ్గుల్లోంచి వచ్చే ఆ విషగాలి మీదే నా చదువంతా. మూసిన గదిలో బొగ్గులు పెట్టొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు.”

ఆమెకు అర్థమైంది. నేను మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. రాజన్న కలగజేసుకున్నాడు. “అక్కా, సారుకేం సంబంధం లేదు, మనసుల వట్టక అట్ల మాట్లాడుతుండు.”

“నువ్వు ఊరుకో రాజన్నా” అన్నారు సారు.

నర్సవ్వ చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టింది. తర్వాత అడిగింది. “నీకు ఎర్కనేనా సారూ, గట్ల జేస్తె పానం వోతదని?”

“తెలుసమ్మా.”

“మరి చెప్పకపోతివేంది?”

ఇంతమందిలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. సారు నోరు తెరిచారు. బస్సులో కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు. “గుర్తు రాలేదు” అన్నారు.

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

“ఆయిన సేటింటికి ఫోన్ జేసిండు సారూ. సేటు పిలిపిస్తె ఉరికిన. లడాయి నడ్సే దేశంల ఎందుకు, జల్ది రా అని ఏడ్సిన. ఆయిన నవ్విండు. ‘మా కాడ ఒక పెద్ద సారున్నడే, గ్యాసు సదువు సదివిన సారు. ఆయినే మా రూముకొచ్చి తన చేతులతోని టేపేసిండు. ఇగ నాకేం గాదు’ అన్నడు.” ఒళ్ళోని చేటవైపు చూసింది. “నేను గూడ ఇగ రమ్మనలే. మంచిదే అనుకుని ఊకున్న.”

 ఆమె ఇంకో ఆకు తీసుకుంది. సారు రెండు చేతులూ జోడించారు. ఆమె వాటివైపు చూడలేదు.

“చెప్పిపోతానికి ఇంత దూరం వస్తివి. మంచిదే. మల్ల రాకు సారూ.”

రాజన్న అక్కడే ఉండిపోయాడు. మేమిద్దరం రోడ్డు దాకా నడిచి బస్సు కోసం నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. సారు ఊరివైపే చూస్తూ అన్నారు.

“ఊరుకున్నానంది. విన్నావా?”

“విన్నా సార్.”

“నా టేపు చూసుకుని వాడు అక్కడ ఉండిపోయాడు. నా టేపు సంగతి విని ఆవిడ ఇక్కడ ఊరుకుంది. ఇది కూడా నేనే కదూ ఖాదరూ?”

కాదు సార్ అన్న మాట నా నాలుక కొసన తయారుగా ఉంది. ఆరు నెలలుగా ఆయనకి అదే చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో ఆ రోడ్డు మీద నాకు తెలిసింది. టేపు చించి ఇచ్చింది నేను, సారు మాటలు వాళ్ళకి విడమరిచి చెప్పింది నేను. ఆయన్ని తప్పిస్తే నేనూ తప్పించుకుంటాను.

“అవును సార్” అన్నాను. “మీరే. నేను కూడా.”

సారు నా వైపు తిరిగి చూశారు.  నా చెయ్యి పట్టుకున్నారు. జగిత్యాల బస్సు వచ్చి ఆగి, ఎక్కుతారా లేదా అని కండక్టరు అరిచేదాకా వదల్లేదు.